పెరటాసి నడకను బస్సెక్కించకండి

ఇది పొడుగు పోస్టు. రెండు పేరాలు చూసి, కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టి వెళ్లిపోవద్దని మనవి. ఆదివారం సమావేశంలో ఈ విషయమే తేలాలి. అందుకని పూర్తిగా చదవండి. నచ్చకపోతే నచ్చలేదని మొహమాటం లేకుండా రాయండి.

విషయం మీకు తెలిసిందే. ఈ ఏడు పెరటాసిలో ఆలంగాయం నుంచి తిరుమలకు నడిచి వెళ్లడం మానేసి, ఏసీ బస్సులు మాట్లాడుకుందామన్నది ప్రతిపాదన. ముందు ఒక బండికి స్పీకర్లు కడతారట. వాణియంబాడి నుంచి గుడియాత్తం దాకా ఫ్లెక్సీలు పెడతారట. చిత్తూరులో ఎవరో పెద్దమనిషికి శాలువా కప్పి, ఫోటో దిగి, అక్కణ్నుంచి కొండకు పోవడమట. పేరు కూడా పెట్టేశారు, "మహాయాత్ర" అని.

దీనికి నాలుగు కారణాలు చెబుతున్నారు. నడక ప్రమాదం. ముసలివాళ్లు నడవలేరు. ఐదారు రోజులు సెలవు ఎవరిస్తారు. నాలుగోది అందరికంటే గట్టిగా చెబుతున్నది: తెలుగువాళ్లం ఎంతమందిమి ఉన్నామో ఈ జిల్లాకు తెలియాలి.

నాలుగింటికీ జవాబు చెబుతాను. అంతకుముందు ఒక మాట. ఈ ప్రతిపాదన మన గ్రూపులోకి వచ్చిన వారంలోనే ఒక వీడియో కూడా వచ్చింది. స్పెయిన్ దేశంలో పల్లెల మీదుగా ఎవరో ఒంటరిగా నడుస్తుంటారు. గోధుమ చేలు, ఓక్ చెట్లు, గొర్రెల మంద, దూరాన ఒక చర్చి గంట. కింద మనవాళ్ల వ్యాఖ్యలు: "ఎంత ప్రశాంతం!", "జీవితంలో ఒక్కసారైనా వెళ్లాలి." వాటిలో రెండు మూడు మన నడకను ఆపేద్దామన్నవారివే. స్పెయిన్‌లో మట్టిదారిన నడిస్తే ఆత్మశోధన, గుడియాత్తం దగ్గర మట్టిదారిన నడిస్తే వెనకబాటుతనం. ఇదెక్కడి లెక్క?

సరే, స్పెయిన్ సంగతే చూద్దాం. ఆ యాత్ర పేరు కామినో ద సాంతియాగో. సాంతియాగో ద కాంపోస్తెలా అనే ఊళ్లో ఉన్న గుడికి మధ్యయుగాల నుంచి ఐరోపా నలుమూలల నుంచీ జనం నడిచి వెళ్లేవారు. తర్వాత దారి పాడుబడింది. 1980ల మధ్యలో ఏడాది మొత్తం మీద నడిచి చేరి పత్రం తీసుకున్నవాళ్లు మూడు వేలమంది కూడా లేరు. 2023లో నాలుగు లక్షలు దాటారు. మధ్యలో జరిగింది ఏమిటి? ఓ సెబ్రెయిరో అనే కొండపల్లెలో ఎలియాస్ వలీన్యా అనే చర్చి ఫాదరు ఉండేవాడు. ఆయన పాతదారి ఎటు పోతుందో వెతికి, పసుపు రంగు డబ్బా పట్టుకుని, చెట్ల మీద, రాళ్ల మీద, గోడల మీద బాణాలు గీసుకుంటూ పోయాడు. ఫ్లెక్సీ కట్టలేదు. స్పీకరు పెట్టలేదు. వచ్చేవాడికి దారి తప్పకుండా ఉంటే చాలనుకున్నాడు. ఆ పసుపు బాణమే ఈరోజు ఆ యాత్రకు గుర్తు. 1993లో ఆ దారిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంకో సంగతి వినండి. అక్కడ నడిచేవాడికి పత్రం ఇవ్వాలంటే కనీసం 100 కిలోమీటర్లయినా కాళ్లతో నడిచి ఉండాలి. దారిలో ఆగిన ఊళ్లలో చిన్న పుస్తకంలో ముద్రలు వేయించుకుని చూపించాలి. ఏసీ బస్సులో వచ్చి గుడి ముందు ఫోటో దిగినవాడికి ఆ పత్రం లేదు. జనం తక్కువగా నడిచే దారులూ ఉన్నాయి. సెవిల్ నుంచి బయలుదేరే వియా ద లా ప్లాటా అలాంటిదే. పొద్దంతా నడిచినా తోటి యాత్రికుడు కనబడని రోజులుంటాయని నడిచినవాళ్లు రాస్తారు. ఆ నిశ్శబ్దం కోసమే అంత దూరం వెళ్తారు. మనం ఉన్న నిశ్శబ్దాన్ని స్పీకరు పెట్టి చంపుకుందామంటున్నాం.

పసుపు బాణం చూసి ముచ్చటపడుతున్నామే, గడపకు, రాయికి, చెట్టుకు పసుపు పెట్టడం మనకు ఒకరు నేర్పాలా?

ఇప్పుడు మన కొండ సంగతి. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు వచ్చింది 1944లో. రెండోది 1974లో. అంటే మన తాతల కాలం దాకా కొండెక్కిన ప్రతి ఒక్కరూ, డోలీలో మోయించుకున్నవాళ్లు తప్ప, నడిచే ఎక్కారు. జమీందారూ నడిచాడు, కూలివాడూ నడిచాడు. నడక పేదతనానికి గుర్తు అన్న ఆలోచన మనకు ఎనభై ఏళ్లకు ముందు లేదు. తాళ్లపాక నుంచి చిన్నవయసులో కొండకు బయలుదేరిన అన్నమయ్య నడిచే వచ్చాడు. ఆయన వచ్చిందని చెప్పుకునే అడవిదారిని ఇప్పటికీ అన్నమయ్య మార్గం అంటున్నారు. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు దారిలో సుమారు 2,400 మెట్లు. అలిపిరి దారిలో సుమారు 3,550. ఈ రెండు దారులూ ఇవాళ్టికీ నిండుగా ఉన్నాయి. కారున్నవాళ్లు కూడా కారు కింద నిలిపి ఎక్కుతున్నారు. నడక అక్కర్లేదని జనం అనడం లేదు. మన కమిటీలో కొందరు అంటున్నారు.

మన దారికీ చరిత్ర ఉంది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం చిత్తూరే. గుడియాత్తం, చిత్తూరు, చంద్రగిరి, తిరుపతి అన్నీ ఒకే జిల్లా. అంటే గుడియాత్తం మనిషికి కలెక్టరు కచేరీ పనైనా, దేవుడి మొక్కైనా ఇదే దిక్కు. తలమీది మూట దించుకోవడానికి దారి పక్కన రెండు నిలువురాళ్లు పాతి, పైన అడ్డరాయి పెట్టేవారు. తమిళంలో సుమైతాంగి అంటారు. వాలాజా దాటాక చెన్నై దారిలో ఆ పేరుతో ఊరే ఉంది. ఎవరిచేతా బరువు దింపించుకోకుండా, ఎవరినీ అడక్కుండా, నడిచేవాడు తన మూట తానే దించుకుని తానే ఎత్తుకునేందుకు ఆ ఏర్పాటు. ఆ రాయి నాటించినవాళ్లు మనకంటే డబ్బున్నవాళ్లేం కాదు. నడిచేవాడి మెడనొప్పి తెలిసినవాళ్లు.

ఇక ఒక రోజు నడక అంటే ఏమిటో తెలియకుండా ఓటు వేయబోయేవాళ్లకోసం పోయిన ఏడాది గుడియాత్తం నుంచి చిత్తూరు దాకా నడిచిన రోజు గురించి చెబుతాను. 30 కిలోమీటర్లకు అటూ ఇటూ. పద్నాలుగు మందిమి. అందులో అరవై దాటినవాళ్లు నలుగురు, బడిపిల్లలు ముగ్గురు.

తెల్లవారుజామున నాలుగున్నరకు కౌండిన్య వంతెన దగ్గర గోవింద నామం ఒక్కసారి చెప్పుకుని బయలుదేరాం. ఆ ఏరు ఆంధ్రా వైపు కొండల్లో పుట్టి, మోర్దానా ఆనకట్ట దాటి, గుడియాత్తం మీదుగా వచ్చి పాలారులో కలుస్తుంది. నీళ్లు ఏ రాష్ట్రం నుంచి వచ్చాయో ఆ రాష్ట్రం వైపే మన నడక. ఊరు దాటేలోపే ఒకటి రెండు ఇళ్లలో మగ్గం చప్పుడు మొదలైంది. లుంగీలు నేసే ఊరు కదా, దేవుడికంటే ముందు లేస్తారు. తర్వాత గంటసేపు మాటల్లేవు. పెద్దాయన ఒకాయన పెట్టిన కట్టుబాటు అది: సూర్యుడు కనబడేదాకా ఎవరూ మాట్లాడకూడదు. మొదట్లో పిల్లలు నవ్వారు. కాసేపటికి వాళ్లే ముందు నడిచారు.

తెల్లారాక వేరుశెనగ చేలు. ఒకచోట చెట్లు పీకుతున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి పిలిచి, మట్టి దులిపి పచ్చికాయలు దోసిళ్లతో ఇచ్చారు. పరదరామిలో టీ అంగడి. ఆ అంగడాయన ఒక వాక్యం తమిళంలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తాడు. డబ్బు తీసుకోమంటే, "నడిచే జనం కాడ తీసుకోను, వచ్చేటప్పుడు లడ్డు తునక తెచ్చియ్యండి" అన్నాడు.

పరదరామి దాటాక రాష్ట్రం మారుతుంది. బస్సులో పోయేవాడికి ఆ సంగతి తెలియదు. నడిచేవాడికి తెలుస్తుంది, ఎందుకంటే బోర్డుల మీద అక్షరాలు మారిపోతాయి. మాతో వచ్చిన ఎనిమిదో తరగతి అమ్మాయి అక్కడ ఒక రాయి ముందు ఆగిపోయింది. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది. బడిలో తెలుగు లేదు. వాళ్ల అవ్వ పక్కన నిలబడి, "అది చి. కింద వత్తు చూడు. అది తూ. అది రు" అని చూపించింది. అమ్మాయి కూడబలుక్కుని "చిత్తూరు" అంది. తర్వాత ఆరు మైళ్లూ కనబడిన ప్రతి బోర్డూ చదవడమే దానికి పని. ఎరువుల అంగడి బోర్డు, సినిమా పోస్టరు, గోడ మీద ఓట్ల రాత, ఏదీ వదల్లేదు. ఏసీ బస్సు అద్దంలోంచి ఆ రాయి ఒక క్షణం కూడా కనబడదు.

మధ్యాహ్నం మామిడితోపు నీడలో ఆగాం. తోపు కాపలా ఆమె వచ్చి, "ఏ ఊరు మీది? యాడికి పోతా ఉండారు?" అని అడిగి, కడవెడు మజ్జిగ తెచ్చింది. ఒకరికి కాలి మడమలో బొబ్బ లేచింది. ఇంకొకరికి తొడలు ఒరుసుకుపోయాయి. నడక అంతా పూలబాట అని నేను చెప్పను. ఒక ఊళ్లో పొద్దు వాలాక కాసేపు కూర్చుంటామంటే కల్యాణమండపం వాళ్లు గేటు వేసేశారు. ఆడవాళ్లకు మరుగుదొడ్డి దొరకడం రోజంతా పెద్ద బాధ. ఇవి నిజమైన కష్టాలు. సంఘం డబ్బు పెట్టాల్సింది వీటి మీద.

ఇప్పుడు ఆ నాలుగు కారణాలకు వస్తాను.

మొదటిది ప్రమాదం. రోడ్డు మీద నడక ప్రమాదమే, కాదనను. నడిచేవాళ్లను బండ్లు ఢీకొన్న వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. కానీ ప్రమాదం తెచ్చేది నడకా, నడిచేవాడికి చోటు లేకుండా వేసిన రోడ్డా? రోడ్డు వెడల్పు చేసిన చోటల్లా ముందు పోయేది పక్కనున్న చెట్టు, తర్వాత పోయేది మట్టి అంచు. ఆ తర్వాత మనిషినే పొమ్మంటారు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపాపను పొట్టన పెట్టుకుంది. అంతకంటే ఘోరం ఉంటుందా? అయినా టీటీడీ ఆ దారిని శాశ్వతంగా మూసెయ్యలేదు. పిల్లలతో వెళ్లే వేళలకు హద్దు పెట్టింది, గుంపులుగా వెళ్లమంది, చేతికి కర్ర ఇచ్చింది. భయం ఉన్న దారిని బాగుచేసుకోవడం అంటే అది. ఇంకోవైపు చూడండి. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. వాళ్లను బలి తీసుకున్నది నడక కాదు, ఒకేచోట ఒక్కసారిగా చేరిన జనం. మనం "మహాయాత్ర" పేరుతో చేయబోయేది జనాన్ని ఒకేచోట పోగెయ్యడమే.

రెండోది ముసలివాళ్లు. నడవలేనివాళ్లను నడవమని ఎవరూ అనలేదు. వాళ్లు చిత్తూరుకో, శ్రీనివాసమంగాపురానికో బస్సులో వచ్చి మాతో కలవచ్చు. అసలు ముసలివాళ్ల పేరు ఎత్తుతున్నదెవరు? నాతో నడిచిన నలుగురు పెద్దవాళ్లలో ఒక్కరూ బస్సు అడగలేదు. అడిగింది నలభై ఏళ్ల వాళ్లు.

మూడోది సెలవు. ఆలంగాయం నుంచి కొండ 150 కిలోమీటర్లకు పైనే. అన్నిరోజులు అందరికీ కుదరదు, ఒప్పుకుంటాను. షాపున్నవాడికి షాపు, కంపెనీ పనివాడికి షిఫ్టు. అందుకే అందరూ మొత్తం నడవక్కర్లేదు. గుడియాత్తం నుంచి చిత్తూరు ఒక్క రోజు. శనివారం రాత్రికి ఇంటికి చేరుకోవచ్చు. ఓపిక ఉన్నవాళ్లు ముందుకు సాగుతారు. ఒక్కరోజు కూడా దేవుడికి ఇవ్వలేనివాళ్లకు బస్సులో కూర్చునే రెండు రోజులు ఎక్కణ్నుంచి వస్తాయో నాకు అర్థం కాలేదు.

నాలుగోది మన బలం. అసలు కోపం నాకు ఇక్కడే. తెలుగువాళ్లం ఎంతమందిమో చూపించాలంటున్నారు. ఎవరికి? ఫ్లెక్సీ మీద తెలుగులో రాస్తారు సరే, దాన్ని చదివేదెవరు? 2006లో తమిళం నేర్చుకునే చట్టం వచ్చింది. ఒకటో తరగతిలో మొదలై ఏటా ఒక్కో తరగతి పెరుగుతూ 2016 నాటికి పదో తరగతికి చేరింది. భాషా మైనారిటీల పిల్లలు కోర్టుల చుట్టూ తిరిగి మినహాయింపులు తెచ్చుకోవాల్సి వచ్చింది. తమిళం నేర్చుకోవడం మీద నాకే ఫిర్యాదూ లేదు. మనం పుట్టిన నేల భాష అది, మన పిల్లలకు రావాలి. తెలుగు పోవడం మీదే నా ఏడుపు. మన ఇళ్లలో సగంమంది పిల్లలకు తమ ఇంటిపేరు తెలుగులో రాయడం రాదు. వాళ్లముందు ఇరవై అడుగుల తెలుగు ఫ్లెక్సీ కట్టడం అంటే కళ్లు లేనివాడికి అద్దం బహుమతి ఇవ్వడమే. ఆ డబ్బు శాలువాకు, స్పీకరుకు పోస్తే బలం ఒక పూట కనబడి, మరుసటిరోజు మున్సిపాలిటీ బండిలో చెత్తగా పోతుంది.

అవ్వ పక్కన మనవరాలు పది గంటలు నడిస్తే పది గంటలు తెలుగు. పొలం పేర్లు, చెట్ల పేర్లు, చుట్టరికాలు, పొడుపుకథలు, తగాదాలు. ఏ సంఘం నడిపే ఆదివారం తరగతిలోనూ ఇంత భాష దొరకదు. పైగా ఈ దారి మనొక్కరిదే కాదు. పెరటాసిలో తమిళ సోదరులు వేలల్లో నడుస్తారు. ఆళ్వార్లు తమిళంలో పాడిన కొండ అది, అన్నమయ్య తెలుగులో పాడిన కొండ అది. మజ్జిగ దగ్గర పక్కపక్కన కూర్చున్నప్పుడు పుట్టే చనువు, ఎదురెదురుగా స్పీకర్లు పెట్టుకుంటే పుడుతుందా? మన బలం జిల్లాకు తెలియాలంటే దారిలో ప్రతి ఊరూ మనల్ని పేరుపెట్టి పలకరించే స్థితి రావాలి. అది ఏటా అదే దారిన అవే కాళ్లతో పోతేనే వస్తుంది.

వద్దని చెప్పి ఊరుకుంటే లాభం లేదు. ఆదివారం నేను పెట్టబోయే తీర్మానం ఇది.

ఒకటి. బస్సుల ప్రతిపాదన విరమించుకోవాలి. ఫ్లెక్సీ, స్పీకరు బండి, శాలువాలు ఈ యాత్రలో ఉండకూడదు.

రెండు. పదిమంది, పదిహేనుమంది చొప్పున చిన్న జట్లుగా నడవాలి. ఒక జట్టుకూ ఇంకో జట్టుకూ అరగంట ఎడం. ఎదురుగా వచ్చే బండి కనబడేలా రోడ్డు కుడిపక్కన నడక. వెలుతురు లేని వేళల్లో మెరిసే పట్టీలు తప్పనిసరి. రాత్రి ఏడు దాటాక నడక లేదు. వాణియంబాడి, ఆంబూరు మధ్య హైవే ఎక్కకుండా పల్లెదారులు చూసుకోవాలి. వాటిని ముందే తిరిగి చూసి వస్తానని మాట ఇస్తున్నాను.

మూడు. ఆ డబ్బుతో గుడియాత్తం, చిత్తూరు మధ్య మూడుచోట్ల చలివేంద్రం పెట్టాలి. పంచాయతీవాళ్లతో, బడివాళ్లతో ముందుగా మాట్లాడి ఆడవాళ్లకు మరుగుదొడ్లు తెరిపించాలి. మందుల పెట్టె ఒకటి, వెనక ఒక మోటారు సైకిలు చాలు.

నాలుగు. మలుపు ఉన్నచోటల్లా, స్థలం సొంతదారుణ్ని అడిగి, ఒక రాయికి పసుపు పూసి గుర్తు పెట్టాలి. పక్కన చిన్న పలక మీద ఊరి పేరు, దూరం తెలుగులోనూ తమిళంలోనూ రాయాలి. రాసేది పెయింటరు కాదు, మన పిల్లలు. అక్షరాలు వంకరపోయినా పర్వాలేదు.

ఐదు. ఎవరి చెంబు, ఎవరి పళ్లెం వాళ్లే తెచ్చుకోవాలి. మనం పోయాక దారిలో ఒక్క ప్లాస్టిక్ గ్లాసు కనబడకూడదు.

ఇందులో లక్షలు పోసేదేమీ లేదు. పెద్దవాళ్ల అపాయింట్‌మెంట్ కోసం కాచుకునే పనీ లేదు. అందుకే కొందరికి నచ్చకపోవచ్చు. నచ్చనివాళ్లు ఆదివారం వచ్చి ఎదురుగా మాట్లాడండి, వింటాను. నచ్చినవాళ్లు మాత్రం ఇక్కడ బొటనవేలు చూపించి ఊరుకోకండి. మీ ఇంట్లో ఎవరెవరు నడుస్తారో పేర్లు రాసి పంపండి. పిల్లల పేర్లు పిల్లలచేతే తెలుగులో రాయించండి. రాయడం రాకపోతే ఈ వారంలో ఆ నాలుగు అక్షరాలైనా నేర్పండి.